కారు పుట్టిన ఊళ్లో... కొలువు పోతే?

తెనాలిలో తెల్లారి ఆరున్నర. డెట్రాయిట్ శివారు కాంటన్‌లో అప్పుడే రాత్రి ఎనిమిది. ఫోన్‌లో తండ్రీకొడుకులు.

‘‘ఏరా, జీతం లేనప్పుడు కారు కొనడమేంట్రా? ఉద్యోగం వచ్చాక కొనుక్కోవచ్చుగా!’’

‘‘కారుంటేనేగా నాన్నా ఉద్యోగం వచ్చేది.’’

‘‘అక్కడ బస్సుల్లేవా? రైల్లేదా?’’

అబ్బాయి కిటికీలోంచి చూశాడు. మోకాలి లోతు మంచు. అవతల ఆరు వరుసల రోడ్డు. దాని మీద ఒక్క మనిషి కూడా నడవడం లేదు.

‘‘ఈ ఊరి నుంచి నేను వెళ్లాల్సిన చోటికి లేవు నాన్నా.’’

నాన్నకు నమ్మకం కుదరలేదు. కుదరదు కూడా. ముప్ఫై ఏళ్లు తెనాలి నుంచి బెజవాడకు సీజన్ టికెట్ మీద వెళ్లొచ్చి పిల్లల్ని చదివించిన మనిషి ఆయన. జీవితంలో కారు కొనలేదు. కొనాల్సిన అవసరమూ రాలేదు. ఆయన దృష్టిలో కారంటే ఉద్యోగం స్థిరపడి, ఇల్లు కట్టి, ఆడపిల్ల పెళ్లి చేశాక మిగిలిన డబ్బుతో తీరే ముచ్చట. కొడుకు దృష్టిలో అది కాళ్లకు చెప్పుల్లాంటిది.

ఇద్దరూ తప్పు మాట్లాడటం లేదు. తేడా అంతా ఊళ్లోనే ఉంది.

అబ్బాయి కార్ల విడిభాగాలు చేసే ఓ కంపెనీలో ఇంజినీరు. జనవరి మొదట్లో కొలువు పోయింది. వాడుకుంటున్న కారు లీజుది. దాని గడువు నెలాఖరుతో సరి. తాళాలు తిరిగిచ్చేయాలి. ఉద్యోగం లేనివాడికి కొత్త లీజు ఎవరిస్తారు? జీతం చీటీ చూపనిదే అప్పూ పుట్టదు. మిగిలిన దారి ఒక్కటే... దాచుకున్న డబ్బులోంచి తీసి పాత కారు కొనడం. లక్షా ఇరవైవేల మైళ్లు తిరిగిన ఓ సెడాన్ ఏడువేల డాలర్లకు కనపడింది. మిషిగన్ రాష్ట్రంలో పాత కారు మీదా ఆరు శాతం పన్ను కట్టాలి. అంటే ఇంకో 420. ఆ డబ్బు చేతిలో ఉంటే నాలుగు నెలలు ఇంట్లో సరుకులకు చూసుకోనక్కర్లేదు. కొనాలా, వద్దా?

చిన్న ప్రశ్నే. డెట్రాయిట్‌లో మాత్రం దీనికి వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది!

సంధి మీద ఊరు

డెట్రాయిట్ అనేది ఫ్రెంచి మాట. జలసంధి అని అర్థం. 1701లో కాడిలాక్ అనే ఫ్రెంచి అధికారి ఇక్కడ నది ఒడ్డున కోట కట్టాడు. ఆయన పేరే తర్వాత ఖరీదైన కారుకూ పెట్టారు. నది ఒడ్డున నిలబడి ఎదురుగా చూస్తే కనిపించేది కెనడా. అదీ ఉత్తరాన కాదు, దక్షిణాన! అమెరికా నుంచి దక్షిణానికి చూస్తే కెనడా కనపడే చోటు ఇదని ఇక్కడివాళ్లు సరదాగా చెబుతుంటారు.

నది దగ్గర మొదలై వాయవ్యంగా సాగిపోయే పెద్ద రోడ్డు వుడ్‌వర్డ్ అవెన్యూ. దీన్ని అడ్డంగా కోస్తూ మైలుకో రోడ్డు. వాటి పేర్లూ అంతే... సిక్స్ మైల్, సెవెన్ మైల్, ఎయిట్ మైల్. ఎయిట్ మైల్ రోడ్డుతో నగరం సరి, అవతలంతా శివారు ఊళ్లు. ఊరిని మైళ్ల లెక్కన కొలిచి పేర్లు పెట్టుకున్నారంటేనే తెలుస్తుంది, ఇక్కడ నడక లెక్కలోది కాదని. 1909లో సిక్స్ మైల్, సెవెన్ మైల్ రోడ్ల మధ్య వుడ్‌వర్డ్ మీద ఒక మైలు మేర కాంక్రీటు పోశారు. అమెరికాలో కాంక్రీటు వేసిన తొలి మైలు రహదారి అదేనంటారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ... మూడు రంగుల దీపంతో నాలుగు వైపులా ట్రాఫిక్‌ను ఆపే స్తంభం 1920లో వెలిగిందీ ఈ రోడ్డు మీదే. దాన్ని తయారుచేసింది డెట్రాయిట్ పోలీసు అధికారి ఒకరు.

ఏటా ఆగస్టులో మూడో శనివారం పాత కార్లన్నీ ఈ రోడ్డెక్కుతాయి. 1995లో మొదలైన ‘వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్’ ఇది. నిగనిగలాడే అరవై ఏళ్ల నాటి కార్లు, వాటిలో తలపండిన దంపతులు, రోడ్డుకు రెండువైపులా మడతకుర్చీలు వేసుకుని కూర్చున్న జనం. చూడ్డానికి అచ్చం మన తిరునాళ్లే. కాకపోతే రథానికి బదులు కారు.

ఐదు డాలర్ల రోజు

కారు కథ మొదలైన చోటు చూడాలంటే పికెట్ అవెన్యూలోని మూడంతస్తుల ఎర్ర ఇటుకల భవనానికి వెళ్లాలి. హెన్రీ ఫోర్డ్ ‘మోడల్ టి’ కారు 1908లో పుట్టింది ఇక్కడే. ఇప్పుడది మ్యూజియం. మొదట ఆ కారు ధర 850 డాలర్లు. డబ్బున్నోళ్ల బండి. 1910లో కొద్ది దూరంలోని హైలాండ్ పార్కులో పెద్ద ఫ్యాక్టరీ కట్టారు. 1913లో అక్కడ కదిలే వరుస మొదలైంది. మనిషి కదలడు, కారే అతని ముందుకొస్తుంది. తన వంతు మరలు బిగించి పంపేయడమే. అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టే చట్రం బిగింపు గంటన్నరకు తగ్గింది. 1920ల నడుమకొచ్చేసరికి కారు ధర 300 డాలర్ల లోపే!

అంతా బాగుంది. పనివాళ్లే నిలవలేదు. రోజంతా ఒకే మర బిగించడం ఎవరివల్ల అవుతుంది? ఇలా చేరి అలా మానేసేవారు. దాంతో 1914 జనవరిలో ఫోర్డ్ ఓ ప్రకటన చేశాడు... ఎనిమిది గంటల పనికి రోజుకు ఐదు డాలర్లు. అప్పటిదాకా ఇస్తున్నదానికి రెట్టింపు పైమాటే. మర్నాటి నుంచి ఫ్యాక్టరీ గేటు ముందు వేలాదిమంది. గడ్డకట్టే చలి. ఉద్యోగాలు అయిపోయాయన్నా కదలని జనం మీద చివరికి నీళ్ల గొట్టాలు తిప్పారు. తడిసిన బట్టలు ఒంటిమీదే గడ్డకట్టాయి.

ఆ జీతం ఇంకో పని కూడా చేసింది. కారు చేసేవాడే కారు కొనగలిగాడు. కొన్నాక ఫ్యాక్టరీ పక్కనే ఉండాల్సిన పనిలేదు. ఊరు దూరం దూరంగా జరగడం అప్పుడే మొదలైంది.

పని ఉన్నన్నాళ్లూ సరే. 1929 తర్వాత మహా మాంద్యం వచ్చిపడింది. ఫ్యాక్టరీలు వేలమందిని ఇంటికి పంపాయి. 1932 మార్చి 7న పనిపోయిన కార్మికులు కొన్నివేలమంది డెట్రాయిట్ నుంచి డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ రూజ్ కర్మాగారానికి ఊరేగింపుగా బయల్దేరారు. కాలినడకనే! పని ఇవ్వండి, వైద్యం చేయించండి అన్నవి వాళ్ల కోరికల్లో కొన్ని. డియర్‌బోర్న్ పోలీసులు, కంపెనీ కాపలాదారులు కాల్పులు జరిపారు. ఆరోజు నలుగురు చనిపోయారు, తర్వాత మరొకరు. చరిత్రలో దీన్ని ‘ఫోర్డ్ హంగర్ మార్చ్’ అంటారు.

ఇది జరిగిన కొన్ని వారాలకే మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా ఆ ఊరొచ్చాడు. డెట్రాయిట్ కళాప్రదర్శనశాల గోడల మీద రూజ్ కర్మాగారాన్ని 27 చిత్రాలుగా గీశాడు. ఖర్చు భరించింది హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్. నిప్పులు కక్కే కొలుములు, వంగిన వీపులు, బిగిసిన కండలు... ఆ హాల్లో నిలబడితే యంత్రాల చప్పుడు వినపడుతున్నట్టే ఉంటుంది. డెట్రాయిట్ వెళ్లినవాళ్లు ఇంకేం చూడకపోయినా ఇది మాత్రం చూడాలి.

ఆఖరి ట్రాము... మెక్సికోకి!

‘అక్కడ రైల్లేదా’ అని కదా నాన్న అడిగింది. ఒకప్పుడుంది! వుడ్‌వర్డ్ మీద ట్రాములు తిరిగేవి. 1950లో డెట్రాయిట్ జనాభా దాదాపు 18.5 లక్షలు. అలాంటి నగరంలో 1956 ఏప్రిల్ 8న ఆఖరి ట్రాము ఆగిపోయింది. బాగా నడుస్తున్న బండ్లనే మెక్సికో నగరానికి అమ్మేశారు. మరోవైపు 1942లోనే నేలను లోతుగా తవ్వి డేవిసన్ ఫ్రీవే వేశారు. ఆ తర్వాత వరసగా మరిన్ని ఫ్రీవేలు. వాటికోసం నల్లజాతివారి పేటలు కూల్చారు.

కార్క్‌టౌన్ పేటలో 18 అంతస్తుల మిషిగన్ సెంట్రల్ స్టేషన్ 1913లో తెరిచారు. ఎత్తయిన పాలరాతి హాలు, కమానులు... రాజమహల్లా ఉంటుంది. ట్రాముల్లో వస్తారు కదా అని కార్లు నిలుపుకోవడానికి పెద్దగా చోటు పెట్టలేదు. ట్రాములు పోయాయి. స్టేషన్‌కు వచ్చే దారే కష్టమైంది. 1988 జనవరిలో ఆఖరి రైలు కదిలింది. ఆపైన ముప్ఫై ఏళ్లు పగిలిన కిటికీలతో దయ్యాలకొంపలా నిలబడింది. పాడుపడ్డ డెట్రాయిట్ అంటూ పత్రికల్లో వచ్చిన ఫొటోల్లో ఎక్కువగా కనపడింది ఇదే. చివరికి 2018లో కొన్నదెవరో తెలుసా? ఫోర్డ్ కంపెనీ! బాగుచేసి 2024 జూన్‌లో తెరిచింది. లోపల ఆఫీసులు, ప్రయోగశాలలు. చూసేవాళ్లకు నోరు తెరిపించే హాలు మళ్లీ తళతళలాడుతోంది.

శివారుల నుంచి ఉద్యోగుల్ని తెచ్చే పాంటియాక్ లోకల్ రైలు కూడా 1983లోనే ఆగిపోయింది. తెనాలి నాన్న సీజన్ టికెట్ లాంటివి ఇక్కడా ఉండేవన్నమాట.

నగరం నడిమధ్యలో 1987 నుంచి ‘పీపుల్ మూవర్’ అనే చిన్న రైలు స్తంభాల మీద గిరగిరా తిరుగుతోంది. మూడు మైళ్లకు కాస్త తక్కువ గుండ్రం. 2017లో వుడ్‌వర్డ్ మీదికి ట్రాము మళ్లీ వచ్చింది... మూడు మైళ్ల పైచిలుకు. నగరం విస్తీర్ణం దాదాపు 139 చదరపు మైళ్లు. పర్యటనకు వచ్చినవాళ్లకు ముచ్చటగానే ఉంటాయి ఈ రెండూ. పనికి వెళ్లేవాడికి అక్కరకు రావడం అరుదు.

బస్సు వద్దన్న ఊళ్లు

డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో కార్లు కోకొల్లలు. అన్నిటికంటే జనం ఎక్కువగా ఆగేది మాత్రం ఓ పాత సిటీబస్సు దగ్గర. 1955లో మాంట్‌గోమరీ నగరంలో తెల్లవాడికి సీటివ్వనని రోజా పార్క్స్ కూర్చుండిపోయిన బస్సది. ఎక్కి ఆ సీట్లో కూర్చోవచ్చు కూడా. ఆ ఉద్యమంతో కుట్టుపని కొలువు పోగొట్టుకున్న పార్క్స్ 1957లో బతుకుదెరువు కోసం వచ్చింది డెట్రాయిట్‌కే. 2005లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. నగరంలో 2009లో తెరిచిన ప్రధాన బస్టాండుకు ఆమె పేరే పెట్టారు.

ఆ బస్టాండులో నిలబడితే డెట్రాయిట్ కష్టం అర్థమవుతుంది. నగరం బస్సులు వేరు, శివారు బస్సులు వేరు. రెండిటికీ రెండు సంస్థలు. ఉద్యోగాలేమో ఎప్పుడో శివారులకు తరలిపోయాయి. పైగా శివారు బస్సుకు పన్ను కట్టాలా వద్దా అన్నది 1990ల నుంచి ఏ ఊరికి ఆ ఊరే తేల్చుకునే పద్ధతి. ‘మాకు బస్సొద్దు, పన్నూ వద్దు’ అన్న ఊళ్లు బోలెడు. పన్ను కట్టని ఊరి పొలిమేర రాగానే బస్సు వెనక్కి తిరుగుతుంది. కాంటన్ ఏళ్ల తరబడి అలా వద్దన్న జాబితాలోనే ఉంది. మొత్తం ప్రాంతానికి ఒకే ప్రజారవాణా కావాలా అని 2016 నవంబరులో ఓటు పెడితే స్వల్ప తేడాతో ఓడిపోయింది. 2022లో ఓక్లాండ్ కౌంటీ వరకు ఓటర్లు మనసు మార్చుకున్నారు. అక్కడ ‘వద్దు’ అనే వెసులుబాటు పోయింది.

పల్లెకు ఎర్రబస్సు రావాలని ధర్నాలు చేసిన మనకు ఇది వింతే. ఊళ్లోకి బస్సొస్తే ఊరు బాగుపడుతుందని మన లెక్క. బస్సొస్తే ఎవరెవరో వస్తారని అక్కడ కొందరి లెక్క. ఈ మాట పైకి అనరు. తెల్లవాళ్లు శివారులకు, నల్లవాళ్లు నగరంలో... అలా విడిపోయిన చరిత్ర ఉంది కాబట్టి అనక్కర్లేదు కూడా.

కారు చెడిపోయి మరొకటి కొనలేక, బస్సు తీసుకెళ్లినంత దూరం వెళ్లి మిగతాది ఏళ్లకేళ్లు నడుస్తూ పనికి వెళ్లిన ఓ ఫ్యాక్టరీ కార్మికుడి గురించి 2015లో స్థానిక పత్రిక రాసింది. రాకపోకలు కలిపి రోజుకు 21 మైళ్ల నడక. చదివినవాళ్లు చలించిపోయి చందాలు కురిపించారు. కారూ వచ్చింది. ఆయన కథ సుఖాంతమైంది. బస్సు మాత్రం అక్కడే ఆగుతూ వచ్చింది.

ఫ్యాక్టరీ కొలువులకు దరఖాస్తు పెట్టేటప్పుడు అడిగే ప్రశ్నల్లో తరచూ ఒకటుంటుంది... ‘నమ్మకమైన రవాణా సౌకర్యం మీకుందా?’ అని. లేదని రాస్తే సంగతి అంతే. ప్రభుత్వ అద్దె సాయం పొందే పేద కుటుంబాల మీద అమెరికాలో చేసిన ఓ అధ్యయనం 2014లో వెలువడింది. కారున్నవారికి పని దొరికే అవకాశం లేనివారికంటే రెట్టింపు, ఆ పని నిలబెట్టుకునే అవకాశం నాలుగు రెట్లు అని తేలింది. అది డెట్రాయిట్ అధ్యయనం కాదు. కారున్నవాళ్లకు మొదటే కాస్త ఆసరా ఉండొచ్చుననీ అనుకోవచ్చు. అయినా డెట్రాయిట్‌లో ఎవర్నడిగినా ఆశ్చర్యపోరు.

కొనడం వేరు... నడపడం వేరు

అబ్బాయి వాదన గెలిచినట్టే ఉంది కదూ! ఆగండి. కారు కొనడంతో కథ అయిపోదు.

మొదటిది బీమా. మిషిగన్‌లో 1973 నుంచి ఓ ప్రత్యేక చట్టం నడిచింది. తప్పెవరిదైనా సరే, ప్రమాదంలో గాయపడ్డవారి వైద్యం ఖర్చు వాళ్ల బీమానే జీవితాంతం పరిమితి లేకుండా భరించాలి. మంచి ఆలోచనే. ప్రీమియం మాత్రం ఆకాశానికంటింది. అందులోనూ పిన్‌కోడ్ చూసి ధర కట్టడంతో డెట్రాయిట్ నగరవాసుల నడ్డి విరిగింది. 2019లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదిక ప్రకారం నగరంలో సగటు ప్రీమియం ఏడాదికి ఐదువేల డాలర్ల పైమాటే. పాత కారు ధరకంటే దాని బీమా ఎక్కువ! కారు రిజిస్టర్ కావాలంటే బీమా ఉండాలి కాబట్టి ఏడు రోజులకు మాత్రమే పాలసీ తీసుకుని, కాగితం చూపించి, ఎనిమిదో రోజు నుంచి దేవుడి మీద భారం వేసి తిరిగేవారు ఎంతోమంది. 2019లోనే చట్టం మార్చారు. 2020 జులై నుంచి వైద్యం పరిమితి ఎంతో ఎవరికి వారు ఎంచుకోవచ్చు. పిన్‌కోడ్ చూడకూడదన్నారు. భారం కొంత తగ్గింది. కారు బీమా తేలిక అన్న మాట మాత్రం నగరంలో ఇప్పటికీ ఎవరి నోటా వినపడదు.

రెండోది ఉప్పు. నిజంగా ఉప్పే! డెట్రాయిట్ కింద దాదాపు 1,200 అడుగుల లోతున పెద్ద ఉప్పుగని ఉంది. లోపల మైళ్లకొద్దీ దారులు. పైన ఊళ్లో జనానికి కాళ్ల కింద ఇంకో ఊరుందని గుర్తే ఉండదు. చలికాలంలో మంచు కరిగేందుకు రోడ్ల మీద చల్లేది ఈ రాతి ఉప్పే. అది చక్రాల నుంచి ఎగిరి కారు అడుగుభాగానికి పట్టి ఇనుమును తినేస్తుంది. పాత కారు చూడటానికెళ్తే పైన రంగు చూడొద్దు, మోకాళ్ల మీద కూర్చుని కింద తుప్పు చూడమంటారు స్థానికులు. కారు చేసిన ఊరి కిందే కారును తినే ఉప్పు! ఇక గుంతల సంగతి... 2018లో రోడ్లు బాగుచేస్తానన్న ఘాటైన నినాదంతోనే ఓ గవర్నర్ ఎన్నికల్లో నెగ్గారంటే ఊహించుకోవచ్చు.

మూడోది అప్పు. నగదుపెట్టి కొన్న పాత కారుకు ఈ బాధ లేదు. అప్పుమీద కొన్నవారికి వాయిదా తప్పితే కోర్టు నోటీసు కూడా ఉండదు. గొడవ చేయకుండా తీసుకెళ్లగలిగితే చాలు, లాక్కెళ్లొచ్చు. తెల్లారి లేచి చూస్తే ఇంటిముందు మంచులో చక్రాల గుర్తులే మిగులుతాయి.

కొత్త కారు కొని ఏడాదికి 15 వేల మైళ్లు తిప్పితే తరుగుదల, బీమా, పెట్రోలు, వడ్డీ అన్నీ కలిపి 12,297 డాలర్లు అవుతుందని అమెరికా మోటారు వాహనదారుల సంఘం 2024లో లెక్కకట్టింది. నెలకు వెయ్యి పైనే! మరి మిషిగన్‌లో నిరుద్యోగ భృతి? 2002 నుంచి 2024 చివరిదాకా వారానికి గరిష్ఠంగా 362 డాలర్లు. ఇరవై రెండేళ్లలో పైసా పెరగలేదు. 2025లో 446 చేశారు. ఇచ్చే కాలాన్ని 20 వారాల నుంచి 26కు పెంచారు. అంటే కొత్త కారు పెట్టుకుని పని వెతుక్కునేవాడు పాత రోజుల్లో అయితే నెలకు మూడు వారాల భృతి దాదాపుగా కారుకే పోయాలి. మిగిలిన వారం పైచిలుకు సొమ్ముతో తిండి, అద్దె.

ఉద్యోగం పోతే... కారు వాపసు!

ఈ భయం ఎంత పెద్దదో 2009లో కార్ల కంపెనీలకే తెలిసొచ్చింది. అమెరికా ఆర్థికం కుప్పకూలింది. 2008 నవంబరులో సాయం అడగడానికి సొంత విమానాల్లో వాషింగ్టన్ వెళ్లి తిట్లు తిన్న కార్ల కంపెనీల అధినేతలు, డిసెంబరులో బుద్ధిగా కార్లలో వెళ్లారు. 2009 ఏప్రిల్ ఆఖర్లో క్రైస్లర్, జూన్ ఒకటిన జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకెక్కాయి.

కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియనివాడు కారు కొంటాడా? సరిగ్గా అక్కడ ఓ కొరియా కంపెనీ చక్రం తిప్పింది. 2009 జనవరిలో హ్యుందాయ్ చెప్పిన మాట ఇదీ... మా కారు కొనండి, ఏడాదిలోపు ఉద్యోగం పోతే తెచ్చి ఇచ్చేయండి! కారు షోరూముల్లో ఈగలు తోలుకుంటున్న ఆ నెలల్లో దాని అమ్మకాలు మిగతావాళ్లకంటే నిలదొక్కుకున్నాయి. ఫోర్డ్, జనరల్ మోటార్స్ కూడా దారికొచ్చి, ఉద్యోగం పోతే కొన్ని నెలల వాయిదాలు మేమే కడతామన్నాయి. మరి హ్యుందాయ్‌కు తిరిగొచ్చిన కార్లెన్ని? కొన్ని వందలే. ఉద్యోగం పోయినవాడు ఆఖరున వదులుకునేది కారేనేమో!

అదే ఏడాది వేసవిలో ప్రభుత్వం పాత కార్లు తెచ్చిస్తే కొత్తదానికి 3,500 నుంచి 4,500 డాలర్లు ఇస్తామంది. ఆరున్నర లక్షలకు పైగా పాత కార్లు వచ్చిపడ్డాయి. వాటి ఇంజిన్లలో రసాయనం పోసి మళ్లీ తిరగకుండా చంపేశారు. ఫ్యాక్టరీలకు ఊపిరొచ్చింది నిజమే. పనిలేనివాడు రెండువేలకో మూడువేలకో కొనుక్కోగలిగే బళ్లు మాత్రం అన్ని లక్షలు తగ్గిపోయాయి. ఈ పథకం గురించి చెప్పేవాళ్లు ఈ సంగతి తక్కువగా చెబుతారు.

అరవై రోజులు

నోవై అనే శివారులో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. శనివారం సాయంత్రం దాని ముందు ఖాళీ చోటంతా కార్లే. కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్... నలువైపుల నుంచీ వచ్చే తెలుగువాళ్లు. కార్ల కంపెనీల ఇంజినీర్లు, వాటికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. తానా మహాసభలు 2015లో డెట్రాయిట్‌లో, మళ్లీ 2025లో నోవైలో జరిగాయంటే ఇక్కడ మనవాళ్లెంతమందో చెప్పనక్కర్లేదు.

ప్రసాదం తింటూ మాట్లాడుకునే కబుర్లలో కొలువుల సంగతి వస్తే గొంతులు తగ్గుతాయి. హెచ్-1బి వీసా మీదున్నవారికి 2017 నుంచి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా దొరకలేదా, వీసా దారి మార్చుకోవాలి లేదా పెట్టె సర్దుకోవాలి. పనికి ఎప్పుడైనా సిద్ధంగా ఉండాలన్న షరతు దగ్గర చిక్కొచ్చి నిరుద్యోగ భృతీ వీరికి దక్కడం కష్టమే.

కాంటన్ అబ్బాయి సమస్య అసలు ఇదీ. పేద కార్మికుడికైతే వేరే దారి లేదు, కారే కొలువు. ఇతనికి మాత్రం రెండువైపులా వాదన ఉంది. ఫోర్డ్ ఉన్నది డియర్‌బోర్న్‌లో. జనరల్ మోటార్స్ సాంకేతిక కేంద్రం వారెన్‌లో. క్రైస్లర్ కంపెనీలది ఆబర్న్ హిల్స్‌లో. కాంటన్ నుంచి చివరిదానికి నలభై మైళ్లకు అటూఇటూ. రైలూ బస్సూ కలిసి చేర్చవు. సరే... ఇంటర్వ్యూలు ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ తెర మీదే. పాపను బడికి పచ్చ బస్సు తీసుకెళ్తుంది. రెండు నెలల్లో నాలుగుసార్లు బయటికెళ్లాలంటే క్యాబ్ మాట్లాడుకుంటే పోలా? ఏడువేలు బ్యాంకులో ఉంటాయి. గుడిలో ఓ పెద్దావిడ చెప్పిన సలహా ఇదే. ‘‘ఆఫర్ చేతికొచ్చిన రోజే కొనుక్కో బాబూ. అరవై రోజుల్లో ఇండియా వెళ్లిపోవాల్సొస్తే ఆ కారును నెత్తిన పెట్టుకుని తిరుగుతావా?’’

పక్కనున్న మిత్రుడిది ఇంకో లెక్క. పాత కారు రెండు నెలల్లో పెద్దగా విలువ తగ్గదు. నగదు పెట్టి కొన్నది మళ్లీ అమ్ముకోవచ్చు. ఏడువేలకు కొన్నది ఆరువేలకు పోయినా నష్టం వెయ్యి, పన్ను నాలుగొందలు, బీమా, పెట్రోలు. చంటిబిడ్డకు అర్ధరాత్రి జ్వరమొస్తే మైనస్ పదిహేనులో క్యాబ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. కొత్త కారు అప్పు మీద తీసుకోవడమే తప్పు, పాతది నగదుతో తీసుకోవడం కాదన్నాడు. అయితే తుప్పు చూడకుండా కొంటే ఆ లెక్కంతా తలకిందులే. మెకానిక్‌కు వందో నూటయాభయ్యో ఇచ్చి చూపించుకోమని మరీమరీ చెప్పాడు.

పనిలో పనిగా ఇంకో మెలిక. ఇక్కడ వీసా మీదున్నవారి డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా వీసా గడువుతోనే ముడిపడి ఉంటుంది. కారున్నా నడిపే హక్కు ఎన్నాళ్లో ముందు చూసుకోవాలి!

అబ్బాయి మూడు రోజులు ఆలోచించాడు. సెడాన్‌ను లిఫ్టు ఎక్కించి చూస్తే అడుగున చట్రం దగ్గర తుప్పు. వద్దనుకున్నాడు. మరో వారానికి, ఫ్లోరిడాలో ఎక్కువ కాలం తిరిగి ఈ మధ్యే మిషిగన్ వచ్చిన ఇంకో పాత కారు దొరికింది. ఉప్పు తగలని బండి. ధర ఆరువేల మూడొందలు. తీసుకున్నాడు. అప్పటికి అరవైలో ఇరవైరెండు రోజులు అయిపోయాయి.

ఆ రాత్రి తెనాలి నుంచి ఫోన్.

‘‘కొన్నావా?’’

‘‘కొన్నాను నాన్నా. పాతదే. అప్పు లేదు.’’

అటువైపు కాసేపు మాట లేదు. వెనకాల రైలు కూత వినపడింది.

‘‘టైర్లు ఎలా ఉన్నాయి? అంత మంచులో అరిగిపోయిన టైర్లతో తిరగమాక. అవసరమైతే చెప్పు, పదివేలో ఇరవైవేలో నేను పంపుతా.’’